జి.డి.నాయుడు: విప్పి చూసి నేర్చుకున్న మనిషి, లైసెన్సు దగ్గర ఆగిపోయిన కారు

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్ 2025 అక్టోబరు 9న ప్రారంభమైంది. తమిళనాడు ప్రభుత్వం దానికి జి.డి.నాయుడు పేరు పెట్టింది. వీధులకు, ఊళ్లకు ఉన్న కులం పేర్లు తీసేయాలని ఆ ప్రభుత్వమే సరిగ్గా ఆ రోజుల్లో ఆదేశాలిచ్చింది. దాంతో ఫ్లైఓవర్ కంటే దాని పేరు మీదే ఎక్కువ చర్చ నడిచింది. నాయుడు అన్న మాట ఉంచాలా, తీసేయాలా అని పార్టీలు వాదించుకున్నాయి. ఆ మాట తీసేస్తే మిగిలే రెండు పొడి అక్షరాలను ఎవరూ గుర్తుపట్టరన్నది ఒక వాదన. ఉంచితే ప్రభుత్వం తన ఆదేశాన్ని తానే ఉల్లంఘించినట్టు అవుతుందన్నది మరో వాదన.

ఈ గొడవలో అసలు మనిషి వెనక్కి వెళ్లిపోయారు. ఆయన హోటల్లో సర్వరుగా పనిచేశారు. మోటారుసైకిల్ విప్పి బిగించారు. సొంత బస్సును తానే నడిపారు. రేజరు నుంచి కారు దాకా ఎన్నో వస్తువులు తయారు చేశారు, ఇంజినీరింగ్ కాలేజీ పెట్టించారు, అందులోంచి తప్పుకున్నారు కూడా. ప్రాథమిక స్థాయి దాటని చదువుతోనే ఇదంతా చేశారు. తమిళనాడులో ఆయనను ఇండియన్ ఎడిసన్ అంటారు. తెలుగు కుటుంబంలో పుట్టినా తెలుగు రాష్ట్రాల్లో ఆయన గురించి తెలిసినవాళ్లు తక్కువే.

బడి కంటే బండి మీద మోజు

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893 మార్చి 23న పుట్టారు. తండ్రి రైతు. పిల్లవాడు పసివాడిగా ఉన్నప్పుడే తల్లి చనిపోయారు. విజయనగర, నాయక రాజుల కాలంలో కొంగునాడుకు వలస వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వీరిదీ ఒకటి. కోయంబత్తూరు మిల్లుల చరిత్రలో అడుగడుగునా ఇలాంటి కుటుంబాలు కనిపిస్తాయి. 1910లో లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టిన కుప్పుస్వామి నాయుడు, 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ నెలకొల్పిన కుటుంబం ఆ కోవలోనివే.

దొరైస్వామికి బడి పడలేదు. పంతుళ్ల కళ్లలో ఇసుక కొట్టి పారిపోయేవాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయిన మాట నిజం. తర్వాత పొలం పనులు చేశాడు. ఆ రోజుల్లోనే ఒక బ్రిటిష్ అధికారి మోటారుసైకిల్ మీద ఆ దారిన వెళ్లాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ బండి. ఎద్దు గానీ గుర్రం గానీ లేకుండా కదిలే వాహనాన్ని కుర్రాడు చూడటం అదే మొదటిసారి.

ఎవరైనా ఆ బండిని నోరెళ్లబెట్టి చూస్తారు. దొరైస్వామి మాత్రం దాన్ని కొనాలనుకున్నాడు. పల్లె వదిలి కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరాడు. ఇడ్లీలు, కాఫీలు అందిస్తూ కొన్నేళ్ల పాటు పైసా పైసా కూడబెట్టాడు. కొన్ని వందల రూపాయలు చేతికొచ్చాక రడ్జ్ మోటారుసైకిల్ కొన్నాడు.

తర్వాత చేసిన పని ఆయన జీవితానికంతా తాళంచెవి లాంటిది. బండి ఎక్కి ఊరేగకుండా దాన్ని ముక్క ముక్కలుగా విప్పేశాడు. ఆ కాలం మోటారుసైకిల్ ఇప్పటి బండి అంత చిక్కుముడి కాదు. ఒకే సిలిండరు, దాని మీద కార్బురేటరు, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, వెనక చక్రాన్ని తిప్పే బెల్టు ఉండేవి. అయినా ఏ భాగం ఏ పని చేస్తుందో చెప్పడానికి ఆ ఊళ్లో మెకానిక్ లేడు, చేతిలో పుస్తకం లేదు. తీసిన వరుసలో పేర్చుకుని, అదే వరుసను తిరగేసి బిగించుకుంటూ పోవాలి. ఒక్క మర మిగిలినా బండి కదలదు. కదిలిందంటే పాఠం వచ్చినట్టే. పాత గడియారాన్నో రేడియోనో విప్పి, మళ్లీ బిగించి, మిగిలిపోయిన స్క్రూ ఎక్కడిదో తెలియక తల గోక్కున్న ప్రతి ఇంటి మెకానిక్‌కీ ఈ బడి తెలుసు.

పొల్లాచ్చి నుంచి పళనికి ఒక బస్సు

మెకానిక్ పని నుంచి నాయుడు వ్యాపారంలోకి దిగారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిరుప్పూరు ప్రాంతంలో పత్తి వ్యాపారం కలిసివచ్చింది. ఆ ధైర్యంతో బొంబాయి మార్కెట్‌కు వెళ్లారు. సంపాదించిందంతా అక్కడ పోగొట్టుకుని కోయంబత్తూరు తిరిగొచ్చారు.

అప్పుడు ఆదుకున్న వ్యక్తి రాబర్ట్ స్టేన్స్. కాఫీ, పత్తి వ్యాపారాలతో కోయంబత్తూరులో స్థిరపడిన ఇంగ్లిషు వ్యాపారి ఆయన. ఆ ఊళ్లో తొలి మిల్లులు, బడులతో ముడిపడ్డ పేరు. నాయుడు పనితనం చూసి, బస్సు కొనుక్కోవడానికి డబ్బు సర్దారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఆ బస్సు తిరగడం మొదలైంది. డ్రైవరు నాయుడే.

దారి ఎంపికలోనే వ్యాపార తెలివి ఉంది. పొల్లాచ్చి పశువులకు, కొబ్బరికి, బెల్లానికి పెద్ద సంత. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. ఒక కొసన సరుకు కోసం వచ్చే జనం, మరో కొసన మొక్కు తీర్చుకునే జనం. ఏ రుతువులోనూ బస్సు ఖాళీగా తిరిగే పని లేదు.

ఆ ఒక్క బస్సు నుంచి యూనివర్సల్ మోటార్ సర్వీస్ పుట్టింది. అందరూ దాన్ని యూఎంఎస్ అనేవారు. 1933 నాటికి దాని కింద 280 దాకా బస్సులు నడిచేవి. దేశంలోనే సమర్థంగా నడిచే ప్రయాణికుల బస్సు సంస్థల్లో ఒకటిగా దానికి పేరొచ్చింది. పాడైన ప్రతి భాగం కోసం ఇంగ్లండుకో అమెరికాకో ఉత్తరం రాసి, ఓడ వచ్చేదాకా బస్సును షెడ్డులో పెట్టుకుంటే అంత పెద్ద సంస్థ నడవదు. లేతు మిషను, పోత పని, బ్యాటరీ మరమ్మతు అన్నీ దగ్గరే ఉండాలి. బస్సుల వ్యాపారం నాయుడుకు డబ్బునే కాదు, సొంత వర్క్‌షాపునూ ఇచ్చింది. తర్వాత వచ్చిన వస్తువులన్నింటికీ పునాది ఆ వర్క్‌షాపే.

గడ్డం గీసే మోటారు, కిరసనాయిలు పంకా

1930ల్లో నాయుడు యూరప్ వెళ్లారు. చేతిలో కెమెరా ఉండేది. 1936 జనవరిలో లండన్‌లో జరిగిన అయిదో జార్జి రాజు అంత్యక్రియలను ఆయనే చిత్రీకరించారు. జర్మనీలో హిట్లర్‌ను కలిశారు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌లను కూడా తన కెమెరాలో బంధించారు. దృశ్యం స్పష్టంగా కుదరాలంటే కెమెరాకు, మనిషికి మధ్య దూరాన్ని సరిగ్గా సర్దుకోవాలి. సినిమా కెమెరాల్లో ఆ దూరాన్ని సర్దే పరికరాన్ని కూడా ఆయన తయారు చేశారు. ఏ పని మొదలుపెట్టినా ఆ పనికి వాడే పనిముట్టు వైపు చూపు మళ్లడం ఆయన స్వభావం.

ఆ రోజుల్లో తయారైనదే రసంత్ రేజరు. దాని పేరు ఆయన పేరుతో కలిసిపోయింది. పొడి బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారు ఉన్న షేవింగ్ యంత్రం అది. అమెరికాలో జేకబ్ షిక్ కరెంటు రేజరును అమ్మకానికి తెచ్చింది 1931లో. అలాంటి రేజరుకు గోడలో ప్లగ్గు కావాలి. అప్పటి భారతదేశంలో ప్లగ్గు ఉన్న ఇళ్లు ఎన్ని? పొడి బ్యాటరీ వాడటం వెనక ఉన్న ఆలోచన అక్కడే తెలుస్తుంది. కరెంటు లేని ఇంట్లోనూ, రైల్లోనూ పనిచేయాలి. షేవింగ్ కోసం అతి పలుచని బ్లేడ్లు కూడా ఆయన చేయించారు.

కిరసనాయిలుతో తిరిగే పంకాదీ అదే లెక్క. ఈ రకం పంకాల్లో కింద దీపం వెలుగుతుంటే సిలిండరులోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఊపిరికి పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడి రెక్కలను తిప్పుతుంది. ఈ సూత్రం ఐరోపాలో అప్పటికే తెలుసు. కరెంటు స్తంభం రాని ఊళ్లో పంకా తిరగాలంటే ఏం చేయాలన్నదే నాయుడు ప్రశ్న.

జాబితా ఇంకా ఉంది. పండ్ల రసం తీసే యంత్రం చేశారు. ఓట్లను మార్చడానికి వీల్లేకుండా నమోదు చేసే యంత్రం చేశారు. 1930ల్లో మద్రాసు ప్రావిన్సు ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయిన మనిషికి ఓటింగ్ యంత్రం మీద ఆసక్తి కలగడం సహజమే. భారత ఎన్నికల్లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాన్ని మొదటిసారి వాడింది 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో. ఇప్పుడు ఆ యంత్రాలు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆ ఆలోచన దేశానికి అవసరమని గుర్తించడానికి నాయుడు పోయాక కూడా ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ వస్తువుల్లో కొన్ని చూస్తే నవ్వొస్తుంది. ఒక పారిశ్రామికవేత్త రేజర్లు, జ్యూస్ యంత్రాలు చేస్తూ కూర్చోవడమేమిటని అనిపిస్తుంది. కానీ వాటన్నింటికీ ఒకే లక్షణం ఉంది. అవి ఇంట్లో, పొద్దున లేచిన దగ్గర్నుంచి మనిషికి ఎదురయ్యే చిన్న చిన్న చికాకులకు జవాబులు. తన చికాకును తానే తీర్చుకోవచ్చన్న నమ్మకం నుంచి పుట్టినవి.

కొంగునాడు బావుల్లోకి దిగిన మోటారు

చిన్న వస్తువులన్నీ ఒక ఎత్తు. 1937లో తయారైన విద్యుత్ మోటారు మరో ఎత్తు. దాని విలువ తెలియాలంటే కోయంబత్తూరు నేలను చూడాలి.

పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డుకోవడంతో కొంగునాడు వానలకు ఓరగా ఉంటుంది. నల్లరేగడి పత్తికి మంచిదే కానీ నీళ్లు లోతులో ఉంటాయి. రైతులు లోతైన బావులు తవ్వి, ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడేవారు. రాయలసీమ, తెలంగాణ పాతతరం రైతులకు ఈ దృశ్యం చెప్పక్కర్లేదు. తోలు బొక్కెన, మోకు, గిలక, వెనక్కీ ముందుకీ నడిచే ఎద్దులు. రోజంతా తోలితే ఒక చెక్క తడిసేది.

1932 ప్రాంతంలో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. కోయంబత్తూరుకు చవకగా కరెంటు వచ్చింది. మిల్లులు వరసగా లేచాయి. బావి గట్టు దాకా తీగ లాగే అవకాశం వచ్చింది. కానీ తీగ చివర బిగించాల్సిన మోటారు విదేశాల నుంచి రావాలి. ధర రైతుకు అందదు, పాడైతే బాగుచేసే దిక్కు లేదు.

ఆ లోటును పూడ్చింది పీలమేడులో జరిగిన పని. డి.బాలసుందరం నాయుడుతో కలిసి జి.డి.నాయుడు 1937లో విద్యుత్ మోటారు తయారు చేశారు. దేశీయంగా తయారైన మొదటి మోటారుగా దానికి గుర్తింపు ఉంది. అక్కడే నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ మొదలైంది. మోటారు పైకి ఒక ఇనుప డొప్ప, లోపల తిరిగే కడ్డీ మాత్రమే. అసలు పనితనం కంటికి కనిపించని చోట ఉంటుంది. పలుచని ఉక్కు రేకులను ఒకదానిమీద ఒకటి పేర్చాలి. వాటి గాళ్లలో రాగి తీగను లెక్క తప్పకుండా చుట్టాలి. తిరిగే భాగానికి, నిలిచి ఉండే భాగానికి మధ్య వెంట్రుకంత సందు మాత్రమే వదలాలి. సందు ఎక్కువైతే బలం తగ్గుతుంది, తక్కువైతే రాసుకుని కాలిపోతుంది. పోత పోసేవాడు, లేతు పట్టేవాడు, తీగ చుట్టేవాడు ముగ్గురూ నేర్పరులైతేనే మోటారు తిరుగుతుంది. అలాంటి ముగ్గురిని ఒకే ఊళ్లో తయారు చేసుకోవడమే అసలు విజయం.

బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ అనే సంస్థ పెట్టారు. మిల్లు యంత్రాలు, మోటార్లు కోయంబత్తూరులోనే తయారవడం మొదలైంది. పంపుసెట్ల తయారీలో ఆ నగరం దేశానికే కేంద్రమైంది. ఇవాళ అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో బోరు మోటార్ల షాపుకు వెళితే టెక్స్‌మో, సీఆర్ఐ లాంటి కోయంబత్తూరు పేర్లు బోర్డుల మీద కనిపిస్తాయి. ఇడ్లీ, దోసె పిండి రుబ్బే వెట్ గ్రైండరు కూడా 1950ల్లో ఆ ఊరి వర్క్‌షాపుల్లో పుట్టిందే. రుబ్బురోలుకు మోటారు బిగించిన ఆ యంత్రానికి కోయంబత్తూరు పేరు మీదే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గ్రైండరు నాయుడు చేసింది కాదు. కానీ ఇంటి పనిలో కష్టం కనిపిస్తే దానికో మోటారు తగిలించి చూసే అలవాటు ఆ ఊరికి వచ్చింది ఆయన తరం నుంచే.

70 రూపాయల రేడియో, 2,000 రూపాయల కారు

1941లో నాయుడు ఒక ప్రకటన చేశారు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారు చేయగలనన్నారు. రేడియో అప్పట్లో సంపన్నుల ఇంటి అలంకారం. దేశంలోకి వచ్చేవన్నీ విదేశీ సెట్లే. యుద్ధం నడుస్తున్న రోజులు కావడంతో వార్తల కోసం జనం ఆరాటపడుతున్నారు. అయినా చవక రేడియో ఇంటింటికీ చేరలేదు. సామాన్యుడి భుజాన రేడియో వేలాడటానికి ట్రాన్సిస్టర్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

1952లో రెండు సీట్ల పెట్రోలు కారు బయటికొచ్చింది. ధర 2,000 రూపాయలని నాయుడు చెప్పారు. కారును ఆయన తయారు చేయగలరని ఎవరికీ అనుమానం లేదు. బండి కళ్లముందే ఉంది. దాన్ని వందల్లో తయారు చేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి రాలేదు. ఉత్పత్తి అక్కడే ఆగిపోయింది.

ఆ సమయం చూస్తే కారణం అర్థమవుతుంది. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చి మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. ఏ వస్తువు ఎవరు, ఎంత తయారు చేయాలో ఢిల్లీ నిర్ణయించే రోజులవి. ఉక్కుకు కోటా, విదేశీ విడిభాగాలకు లైసెన్సు. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉంది. మొదటి పంచవర్ష ప్రణాళికలో తిండిగింజలు, ఆనకట్టలు ముందు వరసలో ఉన్నాయి. సొంత కారు విలాసం కింద లెక్క. టారిఫ్ కమిషన్ 1953లో చేసిన సిఫార్సులతో కార్ల తయారీ కొద్ది కంపెనీలకే పరిమితమైంది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటివి మూటముల్లె సర్దుకున్నాయి. ఆ లెక్కల్లో కోయంబత్తూరు వర్క్‌షాపులో పుట్టిన రెండు సీట్ల బండికి చోటు దొరకలేదు.

ప్రభుత్వం వైపు వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కొద్దిపాటి ఉక్కును, డాలర్లను పదిమందికి పంచితే ఎవరి ఫ్యాక్టరీ నిలవదన్నది ఆనాటి భయం. కానీ ఆ విధానం ఒక సంగతి మర్చిపోయింది. కొద్దిమందికే అవకాశం ఇచ్చినప్పుడు వాళ్లకు ధర తగ్గించాల్సిన అవసరం ఉండదు. మధ్యతరగతి ఇంటికి అందే చిన్న కారు కోసం దేశం 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా ఎదురుచూసింది. 1952 నుంచి లెక్కేస్తే మూడు దశాబ్దాల పైమాట. నాయుడి బండి రోడ్డెక్కి ఉంటే నిలిచేదో, చతికిలబడేదో తేల్చాల్సింది కొనేవాళ్లు. ఆ అవకాశం కొనేవాళ్ల దాకా రాలేదు.

పన్నుల శాఖతోనూ ఆయనకు పడేది కాదు. పన్నుల భారానికి నిరసనగా తాను చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టారని కోయంబత్తూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. జీవితమంతా విప్పిన ప్రతిదాన్నీ మళ్లీ బిగించిన మనిషి గురించి మిగిలిన కథల్లో ఇది అన్నింటికంటే చేదుగా వినిపించేది.

నాలుగేళ్ల చదువు ఎందుకు?

1944లో నాయుడు బస్సుల వ్యాపారం రోజువారీ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. పరిశోధన చేసే విద్యార్థులకు, కార్మికుల సంక్షేమానికి, అణగారిన వర్గాలకు డబ్బు కేటాయించారు. మరుసటి ఏడాది ఆయన విరాళాలతో కోయంబత్తూరులో ఇంజినీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. కాలేజీకి నాయుడే ప్రిన్సిపల్‌గా ఉన్నారు.

బడి మానేసిన మనిషి ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపల్ కావడం వింతగా ఉన్నా, గొడవ వచ్చింది చదువు లేనందుకు కాదు, చదువు ఎన్నేళ్లు ఉండాలన్న దాని మీద. నాలుగేళ్ల కోర్సు కాలహరణమని ఆయన అభిప్రాయం. పనికొచ్చే సంగతులు ఏరి, వర్క్‌షాపులో చేతులతో చేయిస్తే రెండేళ్లు చాలన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీ తర్వాత చోటు మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా పేరు తెచ్చుకుంది. పాత చోటును మాత్రం జనం ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు. కొత్త ఫ్లైఓవర్ ఆ బస్టాపు మీదుగానే వెళుతుంది.

ఈ వాదనలో నాయుడు పూర్తిగా సరైనవారని చెప్పలేం. వంతెన ఎంత బరువు మోస్తుందో, బాయిలరు ఎప్పుడు పేలుతుందో విప్పి చూసి నేర్చుకునే వీలుండదు. అక్కడ గణితం కావాలి, దానికి ఏళ్లు పడతాయి. అయితే ఆయన ఎత్తిచూపిన లోపం మాత్రం ఇప్పటికీ మానలేదు. నాలుగేళ్లు చదివి, చేత్తో స్పానరు పట్టకుండా పట్టా అందుకునే విద్యార్థులు తెలుగు రాష్ట్రాల కాలేజీల్లోనూ తక్కువేం కాదు. మరోవైపు ఐటీఐలో ఫిట్టరు, వైండరు కోర్సులు చేసిన కుర్రాడికి పని తెలిసినా గౌరవం దొరకదు. చేతిపనికీ, చదువుకీ మధ్య ఉన్న ఈ గోడను కూల్చాలని ఆయన చూశారు. కొలత తప్పి ఉండవచ్చు, దెబ్బ వేసిన చోటు మాత్రం సరైనదే.

చేలోనూ అదే బుద్ధి

యంత్రాలతో ఆయన ఆగలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద సొంత పొలంలో ప్రయోగాలు చేశారు. ఆ తోటను చూడటానికి సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య లాంటివారు వచ్చారు. పొద్దున పునాది వేసి, సాయంత్రానికి ఇల్లు పూర్తి చేసి చూపించారు. తయారైన ప్రతిదాన్నీ జనానికి చూపించాలన్న తాపత్రయం ఆయనకు ఉండేది. ఆయన పేరుతో కోయంబత్తూరులో ఏర్పడిన పారిశ్రామిక ప్రదర్శనశాల దాని ఫలితమే. రేజరు, కెమెరాలు, రేడియోలు, పాత యంత్రాలు అక్కడ వరసగా కనిపిస్తాయి. 2015 నుంచి కుటుంబ సంస్థ ఆధ్వర్యంలో పాత కార్ల మ్యూజియం కూడా నడుస్తోంది. బడి పిల్లలు గుంపులుగా వెళ్లే చోట్లలో ఇవి ఉన్నాయి.

1974 జనవరి 4న 80 ఏళ్ల వయసులో నాయుడు కన్నుమూశారు. ఆయన జీవితం మీద రంజిత్ కుమార్ తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో గుర్తింపు దక్కింది.

ఎడిసన్‌తో పోలిక కుదురుతుందా?

ఇండియన్ ఎడిసన్ అన్న బిరుదు వినడానికి బాగుంటుంది. లెక్క చూస్తే అంత కుదరదు. ఎడిసన్ పేరున అమెరికాలో 1,093 పేటెంట్లు ఉన్నాయి. ఆయన వెనక పెట్టుబడిదారులు, పరిశోధనశాల, పెద్ద మార్కెట్, పేటెంటును కాపాడే కోర్టులు ఉన్నాయి. చేసిన వస్తువు కంపెనీగా మారి, కంపెనీ నగరాలకు వెలుగునిచ్చింది. నాయుడు చేసిన చాలా వస్తువులు ఒకటి రెండు నమూనాలుగానే మిగిలి అద్దాల బీరువాల్లోకి చేరాయి.

తేడా మనిషి తెలివిలో మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. ఎడిసన్‌కూ పెద్దగా బడి చదువు లేదు. వర్క్‌షాపులో పుట్టిన వస్తువు బజారు దాకా వెళ్లడానికి దారి ఉందా లేదా అన్నదే తేడా. నాయుడి జీవితంలోనే దీనికి రెండు ఉదాహరణలున్నాయి. 1937 మోటారుకు దారి దొరికింది. చుట్టూ బావులున్నాయి, మిల్లులున్నాయి, పైకారా కరెంటు ఉంది, కొనడానికి రైతులున్నారు, అడ్డు చెప్పే ఆఫీసు లేదు. ఒక నగరమే దాని మీద బతికింది. 1952 కారుకు దారి దొరకలేదు. అది కథగా మిగిలింది. రెండూ ఒకే చేతుల్లో పుట్టాయి.

ఇప్పుడు స్టార్టప్‌లకు విధానాలున్నాయి, బడుల్లో టింకరింగ్ ల్యాబులున్నాయి, లైసెన్సు రాజ్యం పోయిందని చెప్పుకుంటున్నాం. పిల్లలు త్రీడీ ప్రింటర్లతో బొమ్మలు చేస్తున్నారు. అయినా పట్టా లేని మెకానిక్ ఒక పనికొచ్చే యంత్రం చేస్తే జిల్లా పేపర్లో ఫొటో వస్తుంది, కలెక్టరు శాలువా కప్పుతారు, ఆ తర్వాత యంత్రం షెడ్డులో తుప్పు పడుతుంది. కలుపు తీసే యంత్రం, కొబ్బరి చెట్టెక్కే యంత్రం చేసి, అప్పు పుట్టక, పరీక్షల ఖర్చు భరించలేక ఆగిపోయినవాళ్లు ప్రతి జిల్లాలో ఉంటారు. వాళ్లకు కావాల్సింది బిరుదు కాదు. పక్కనే లేతు పట్టే మనిషి, నమ్మి అప్పిచ్చే స్టేన్స్ లాంటి వ్యాపారి, వస్తువు కొనే మొదటి పదిమంది కావాలి.

కోయంబత్తూరు ఫ్లైఓవర్ పేరులో నాయుడు అన్న మాట ఉండాలా వద్దా అన్నది రాజకీయ పార్టీలు తేల్చుకుంటాయి. దాని కింద పీలమేడు సందుల్లో చిన్న చిన్న వర్క్‌షాపులు ఇవాళా మోటార్లకు తీగ చుడుతూనే ఉన్నాయి. అక్కడ పనిచేసే కుర్రాళ్లు చాలామంది పని నేర్చుకుంది పుస్తకంలోంచి కాదు, కాలిపోయిన మోటారును విప్పి.